ఇంగ్గి

యంత్రం వచ్చిన రోజు కాలిరెజో ఆడవాళ్ల జైల్లో పొద్దుటి టీ ఆలస్యమైంది. కావలివాళ్లందరినీ జెండాకర్ర దగ్గర వరసగా నిలబెట్టి, భద్రతాధికారి మనుల్లాంగ్ దాన్ని పెట్టెలోంచి పసిబిడ్డని తీసినంత జాగ్రత్తగా బయటికి తీశాడు. చూడ్డానికి అదేమంత గొప్పగా లేదు. అరచేతికన్నా కాస్త పెద్దది, నల్లగా ఉంది. నెత్తిన రెండు పొట్టి కడ్డీలు, ముందు వరసగా దీపాలు. పచ్చవి వెలిగితే వస్తువు ఎక్కడో దూరాన ఉన్నట్టు. పసుపువి వెలిగితే దగ్గరవుతున్నట్టు. ఎర్రవి వెలిగి కీచుమందంటే చేతికందే దూరంలో ఉన్నట్టే.

"ఇన్నాళ్లూ పరుపులు చింపాం, బియ్యం డబ్బాలు బోర్లించాం. ఇక ఆ బాధ లేదు," అన్నాడు మనుల్లాంగ్. "ఫోనే కానక్కర్లేదు, వైరు లేకుండా గాల్లో మాట్లాడే వస్తువు ఏదున్నా ఇది పట్టేస్తుంది. మనుషులు అబద్ధమాడతారు, ఇది ఆడదు."

ఆయనది వేరే దీవి, మేదాన్ వైపు. ఈ జావా ఊరికి బదిలీ మీద వచ్చి ఎన్నాళ్లో కాలేదు. గొంతు పెద్దది. మామూలుగా పలకరించినా ఇక్కడివాళ్లకి తిట్టినట్టే ఉండేది. ఇక్కడివాళ్లు తిట్టినా ఆయనకి పలకరించినట్టే ఉండేదేమో, ఎవరూ అడగలేదు.

ఆడ ఖైదీల గదుల్లోకి మగవాళ్లు అడుగు పెట్టకూడదు. అందుకని యంత్రం రుమియాతి చేతికొచ్చింది. "నీ చెయ్యి నిదానం, నువ్వు పట్టుకో. నేను గుమ్మంలో నిలబడి చెప్తుంటాను," అన్నాడాయన. ఆమె చెయ్యి నిదానమన్నది నిజమే. సర్వీసంతా తాళాలు వెయ్యడంలో, తియ్యడంలో గడిచినదానికి తొందర ఎలా అలవాటవుతుంది? ఆ పాత తాళాలు తొందరపడితే పడవు.

ఈ జైల్లో బారక్కులన్నిటికీ పూల పేర్లు. పెట్టినవాళ్లెవరో గాని వాటిలో ఒక్క రాత్రయినా పడుకుని ఉండరు. మల్లె బారక్కులో ఆడవాళ్లు చాపల మీద కూర్చుని, రాబోయే స్వాతంత్ర్య దినానికి ఎరుపూ తెలుపూ కాగితాలు అతికించి తోరణాలు చేస్తున్నారు. ఉడకబెట్టిన గంజి జిగురు వాసన గదంతా నిండింది. రుమియాతి యంత్రాన్ని నడుం ఎత్తులో పట్టుకుని గోడ వెంట మెల్లగా నడిచింది. పచ్చ దీపాలు వెలిగాయి, ఆరాయి.

"అమ్మా, నా పొట్ట మీద కూడా ఓసారి పెట్టండి," అంది యాయుక్. ఆ బారక్కులో నోరున్న మనిషి. "నిన్న తిన్న తెంపే సోయా కూర లోపల ఇంకా ఏదో మాట్లాడుతోంది."

అందరూ నవ్వారు. గుమ్మంలో మనుల్లాంగ్ కూడా నవ్వాడు.

బారక్కు చివర, నీళ్లగది గోడకి ఆనుకుని, తల్లుల గది. ఇప్పుడక్కడ ఉన్నది ప్రిహాతిన్ ఒక్కతే, కూతురు గెందిస్‌తో. ఆ పిల్ల ఇక్కడే పుట్టింది. మూడేళ్లు నిండే దాకా తల్లి దగ్గరుండొచ్చు. నిండాక బయటికి పంపించెయ్యాలి. ప్రిహాతిన్‌కి బయట ఎవరూ లేరు గనక పంపడమంటే సర్కారు పిల్లల గృహానికే. కాని ఈసారి జెండా పండగనాడు ఇచ్చే శిక్ష తగ్గింపులో ఆమె పేరుంది. పిల్లకి మూడేళ్లు ఆ తర్వాత నిండుతాయి. ఇద్దరూ ఒకళ్ల చెయ్యి ఒకళ్లు పట్టుకుని ఒకే గేటులోంచి బయటికి నడవొచ్చు. ఈ లెక్క బారక్కు మొత్తానికి కంఠతా వచ్చు.

గెందిస్ లేచొచ్చి రుమియాతి చెయ్యి అందుకుని దణ్ణంగా నుదుటికి ఆనించుకుంది. రెండో చంకలో పసుపు జుట్టు బొమ్మ. జైలు పెద్దసారు భార్య పోయిన పండక్కి వచ్చినప్పుడు తన చేత్తో ఇచ్చినదది. ఇస్తున్నప్పుడు తీసిన ఫొటో ఆఫీసు గోడ మీద చట్రంలో ఉంది.

"పాలు తాగావా, చిన్నమ్మా?"

"ఇంగ్గి," అంది గెందిస్, తల కిందికి వంచి.

తల్లి మొహం వెలిగిపోయింది. జావా ఇళ్లలో పిల్లకి మాటలు వస్తున్నాయనగానే ముందు నేర్పేది అదే. పెద్దవాళ్లు ఏమన్నా ఇంగ్గి అనాలి. అంటే అవునని కాదు. మీరు చెప్పేది వింటున్నానండి, మీ మాటకి అడ్డు రానండి అని. అవుననడం కూడా అందులో ఒక మూల ఉంటుందేమో గాని, అదొక్కటే కాదు.

రుమియాతి చాప వైపు యంత్రం తిప్పింది. పసుపు. ఇంకో అడుగు వేసింది. ఎర్ర దీపాలన్నీ ఒక్కసారి వెలిగి యంత్రం కీచుమని అరిచింది.

"ఆగు, కదలకు," అన్నాడు మనుల్లాంగ్ గుమ్మంలోంచి. "అందర్నీ బయటికి పంపించు."

ఆడవాళ్లు వాకిట్లోకి వెళ్లారు. ప్రిహాతిన్ పిల్లని చంకనెత్తుకుని, పిల్ల బొమ్మని చంకనెత్తుకుని వెళ్లారు. రుమియాతి చాప ఎత్తింది, దిండు పిసికింది, గోడ పెచ్చుల్లోకి వేలు పెట్టి చూసింది. ఏమీ లేదు. యంత్రం కూడా నోరు మూసుకుంది. ఒక్క దీపం లేదు.

"చూశావా? పట్టుకుపోయింది," అన్నాడాయన.

వాకిట్లో ప్రిహాతిన్ దగ్గరికి రాగానే మళ్లీ ఎర్ర దీపాలు వెలిగాయి. పిల్లని దించమన్నాడు. యాయుక్ వచ్చి గెందిస్‌ని ఎత్తుకుని, ఏడవకుండా టీ తాగిద్దామని వంటింటి వైపు తీసుకుపోయింది. రుమియాతి ప్రిహాతిన్‌ని తెర వెనక్కి పిలిచి, జడ విప్పించి, అంచులు తడిమి, చెయ్యకూడని సోదా కూడా చేసింది. ప్రిహాతిన్ సిగ్గుతో ముడుచుకుపోయింది. ఏమీ దొరకలేదు. యంత్రం మళ్లీ మౌనం.

ఇది యంత్రానికి పిచ్చి అనుకుని ఉంటే బాగుండేది. మనుల్లాంగ్ అలా అనుకోలేదు. ఈ ఖైదీ దాచడంలో ఆరితేరిందనుకున్నాడు. కుర్చీ తెప్పించుకుని వాకిట్లోనే కూర్చున్నాడు. ప్రిహాతిన్ ఎదురుగా మోకాళ్ల మీద కూర్చుని, రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని నేల చూసింది. పక్కన రుమియాతి, ఇంకో ఇద్దరు కావలివాళ్లు ఉన్నారు.

"నీ దగ్గర ఫోనుంది. యంత్రం చెప్పింది. అర్థమైందా?"

"ఇంగ్గి, సార్."

"ఇప్పుడెక్కడో పారేశావు."

"ఇంగ్గి."

"అది పెద్ద తప్పని తెలుసు కదా నీకు?"

"ఇంగ్గి, సార్. నన్ను క్షమించాలి..."

"చాలు," అని లేచాడు మనుల్లాంగ్. ఆయన గొంతులో కోపం కూడా లేదు, పని తెమిలిందన్న తేలిక. "విన్నారుగా అందరూ. ఒప్పుకుంది, క్షమాపణ కూడా అడిగింది."

రుమియాతికి తెలుసు. క్షమించాలి అన్నది మాట ముగింపు కాదు, మొదలు. పెద్దవాళ్లని కాదనబోయే ముందు ఇక్కడ ఎవరైనా క్షమాపణతోనే ఎత్తుకుంటారు. ఆ తల్లి కాదని చెప్పబోయింది, అప్పుడే. ఇంకొక్క ఊపిరి ఆగి ఉంటే చెప్పేసి ఉండేది. ప్రిహాతిన్ నోరు కొంచెం తెరిచే ఉంది. ఆ తెరిచిన నోటితోనే ఆమెని ఒంటరి గదికి తీసుకుపోయారు. తలుపుకి తాళం వేసింది రుమియాతే.

సాయంత్రం డ్యూటీ దిగే ముందు ఆమె ధైర్యం చేసి మనుల్లాంగ్ గది తలుపు తట్టింది. ఆయన మంచి టీ పోసిచ్చాడు. మనిషి చెడ్డవాడు కాడు. గెందిస్ కోసం బిస్కట్ల పొట్లం కొనిపెట్టి, బల్ల మూల అట్టేపెట్టాడు కూడా.

"సార్, ఇక్కడివాళ్లు ఇంగ్గి అన్నారంటే... అది మీరనుకునే అవును కాదు, సార్."

"ఈ ఊరొచ్చాక నేను నేర్చుకున్న మొదటి మాట అదే. అవునంటే ఇంగ్గి. నాకు నేర్పింది కూడా నువ్వే."

అదీ నిజమే. రైలు దిగిన రోజున ఆయన సరదాగా అడిగితే, సులువుగా ఉంటుందని అలాగే చెప్పింది.

"మా వైపు సంగతి చెప్తా విను," అన్నాడాయన. "చెయ్యని తప్పు అంటగడితే కోర్టు కప్పు లేచిపోయేలా అరుస్తారు. చేసినవాడు కూడా అరుస్తాడు. ఈమె ఒక్కసారి కాదు అనలేదు. ఒక్కసారంటే ఒక్కసారి. అననిది నేనెలా వినేది, రుమియాతమ్మా?"

రుమియాతి కప్పు కింద పెట్టి, "ఇంగ్గి, సార్," అని బయటికొచ్చింది. సగం దారిలో గాని తనేమన్నదో ఆమెకి తట్టలేదు.

మర్నాడు అన్నం పళ్లెం తీసుకుని ఒంటరి గదికి వెళ్లింది. తలుపు కింది సందులోంచి పళ్లెం తొయ్యడం నియమం. ఆమె తలుపు తీసి లోపల గట్టు మీద కూర్చుంది. అన్నం, తోటకూర లాంటి నీటికూర, ఉప్పుచేప ముక్క. ప్రిహాతిన్ పళ్లెం ముట్టుకోలేదు.

"గెందిస్ తిన్నదా అమ్మా?"

"యాయుక్ తినిపించింది. రాత్రి కాసేపు నిన్ను అడిగింది. ఆ బొమ్మని పట్టుకుని పడుకుంది."

"నిద్రపోయాక బొమ్మ మీట నొక్కెయ్యమనండి. నేను రోజూ అలాగే ఆపుతాను. బ్యాటరీ అయిపోతే ఇక్కడ మళ్లీ ఎవరిస్తారు?"

రుమియాతి తల ఊపింది. ఆమె మనసు ఆ మాట మీద లేదు.

"ఎందుకన్నావే ఇంగ్గి అని? కాదని ఒక్క ముక్క అనలేకపోయావా?"

ప్రిహాతిన్ ఆమె వంక వింతగా చూసింది. "అంత పెద్దాయన మాట్లాడుతుంటే మధ్యలో కాదనమంటారా? ఆయన మాట అయ్యాక చెబుదామని కూర్చున్నా. ఆయనకి అవ్వలేదు."

"నేనున్నాగా పక్కనే, నాతో అనాల్సింది."

"మీరున్నారనే కదమ్మా ధైర్యంగా కూర్చున్నాను. మీరు చెప్తారనుకున్నాను."

ఆ మాటలో నిష్ఠూరం లేదు. ఉంటే రుమియాతి తట్టుకునేదేమో. పళ్లెం దగ్గరికి జరిపి, తినమ్మా అని మాత్రం అంది.

శిక్ష తగ్గింపు వరసలోంచి ప్రిహాతిన్ పేరు తీసేశారన్న కబురు ఆ మధ్యాహ్నమే బారక్కులోకి వచ్చింది. యాయుక్ జిగురు గిన్నె ఎండిపోతుంటే నీళ్లు పోసి కలిపింది, మళ్లీ పోసి కలిపింది.

అలా రెండు రోజులు గడిచాక, ఒక మధ్యాహ్నం రుమియాతి తల్లుల గది ముందు నుంచి వెళుతుంటే లోపల్నుంచి పాట వినిపించింది. బాతుల పాట, సన్నటి రేకు గొంతుతో. గెందిస్ చాప మీద కూర్చుని బొమ్మ పొట్ట నొక్కుతోంది. నొక్కినప్పుడల్లా బొమ్మ మెడ దగ్గర నీలం చుక్క టపటపా కొట్టుకుంటోంది. పాట అయిపోయింది. నీలం చుక్క మాత్రం ఆగలేదు. ఎవరినో పిలుస్తున్నట్టు కొట్టుకుంటూనే ఉంది.

రుమియాతి మనవడి దగ్గర ఇలాంటిదే ఎలుగుబంటి బొమ్మ ఉంది. కోడలు తన ఫోన్లోంచి దాన్ని మాట్లాడిస్తుంది, కథలు చెప్పిస్తుంది. మధ్యన వైరు ఉండదు.

ఆమె పరుగెత్తింది. ఆ వయసులో, ఆ తాళాల గుత్తితో. యంత్రం పట్టుకొచ్చి బొమ్మ ముందు పెట్టింది. ఎర్ర దీపాలు, కీచు. బొమ్మ వీపున మీట ఉంది, నొక్కింది. అన్నీ ఆరిపోయాయి. మళ్లీ నొక్కింది. ఎరుపు. మళ్లీ. చీకటి. ఆమె నవ్వడం మొదలెట్టింది. కళ్లలోంచి నీళ్లు కారుతున్నా నవ్వు ఆగలేదు. బారక్కంతా గుమ్మంలో మూగింది.

"చెప్పలా?" అంది యాయుక్. "ఆ బొమ్మ నాకంటే ఎక్కువ వాగుతుందని మొదట్నుంచీ నెత్తీనోరూ కొట్టుకుంటున్నా."

"చిన్నమ్మా, బొమ్మని ఓసారి నాకిస్తావా? సాయంత్రానికి తెచ్చిచ్చేస్తా. బొమ్మతో పాటు అమ్మని కూడా తెచ్చిస్తా, సరేనా?"

గెందిస్ బొమ్మని గట్టిగా హత్తుకుంది. కాని అడుగుతున్నది పెద్దావిడ. "ఇంగ్గి," అని బొమ్మని రెండు చేతులతో అందించింది.

మనుల్లాంగ్ బల్ల మీద రుమియాతి బొమ్మని కూర్చోబెట్టి, యంత్రం పక్కన పెట్టి, మీట నొక్కి చూపించింది. ఒకసారి కాదు, ఆయనే చాలు అనేదాకా. ఆ రోజు చాప దగ్గర ఎందుకు అరిచింది, పిల్ల బయటికి వెళ్లగానే ఎందుకు ఆగింది, తల్లి చంకన పిల్ల ఉంటే ఎందుకు వెలిగింది, అన్నీ చెప్పింది. ఇంత పొడుగు మాటలు ఆమె పై అధికారితో ఎన్నడూ మాట్లాడి ఎరగదు.

మనుల్లాంగ్ బొమ్మని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పాడు. ఆయనకి అర్థమైంది. అర్థమైందని ఆయన మెడ ఎర్రబడ్డంలోనే తెలిసింది. తలెత్తి గోడ మీది ఫొటో చూశాడు. పెద్దసారు భార్య నవ్వుతూ బొమ్మని అందిస్తోంది. గెందిస్ తల వంచి అందుకుంటోంది.

"ఇది ఆవిడిచ్చిన బొమ్మే కదూ?"

"ఇంగ్గి, సార్."

ఆయన లేచి తలుపు దగ్గరగా వేసి వచ్చాడు.

"మొదటి సోదాలోనే యంత్రం పట్టేసిందని పైకి కబురు వెళ్లిపోయింది. శభాష్ అన్నారు. వస్తువేదీ, చూపించండని పొద్దున్నుంచీ ఫోన్లు. ఖైదీ ఒప్పుకుంది గాని వస్తువు దొరకలేదని నీళ్లు నములుతున్నా." బొమ్మని బల్ల మీద పెట్టాడు. "ఇప్పుడు పెద్దసారు దగ్గరికెళ్లి, జైల్లోకి దొంగ సామాను తెచ్చింది మీ ఇల్లాలే అని నేను చెప్పాలా? నువ్వు చెప్తావా?"

రుమియాతి నేల చూసింది.

"ఇది ఖైదీ గదిలోనే ఉండేది. అవునా?"

"ఇంగ్గి, సార్, కాని..."

"దీనికి మీట ఉందని, నొక్కితే ఆగుతుందని ఆమెకి తెలుసా?"

రోజూ నేనే ఆపుతానమ్మా అన్న మాట రుమియాతి చెవిలో మోగింది. అబద్ధం ఆడదామనుకుంది. ఆడటం రాలేదు. "తెలుసు, సార్. బ్యాటరీ అయిపోతుందని..."

"బొమ్మ ఇచ్చింది ఆవిడే కావచ్చు. లోపల ఏముందో ఆవిడకేం తెలుసు. తర్వాత ఎవరు ఏం దూర్చారో మనకేం తెలుసు." ఆయన ఆమె వైపు చూడకుండానే మాట్లాడుతున్నాడు. "వస్తువు దొరికింది. ఖైదీ గదిలోంచి నువ్వే తెచ్చావు. అంతే కదా?"

కాదు అనడానికి జావాలో మర్యాదైన మాట లేకపోలేదు. మ్బొతెన్. కావలి ఉద్యోగంలో చేరాక రుమియాతి ఆ మాటని కూరగాయల బజార్లో వాడింది, మొగుడి దగ్గర వాడింది. ఈ బల్ల ముందు నిలబడి ఎప్పుడూ వాడలేదు. నోట్లో దాన్ని వెతుక్కుంది. అది ఉందిగాని పైకి రాలేదు. క్షమించాలి సార్ అని మొదలుపెట్టాలి, ఆ తర్వాత చెప్పాలి.

"నన్ను క్షమించాలి, సార్..."

"నీ తప్పేముంది," అన్నాడు మనుల్లాంగ్, నిజంగానే ఓదారుస్తున్నట్టు. "నీ పని నువ్వు బాగా చేశావు. వెళ్లు."

ఆమె గొంతులోంచి ఆ మాట దానంతటదే వచ్చేసింది. "ఇంగ్గి, సార్."

బొమ్మని గోధుమరంగు సంచీలో పెట్టి, మూతికి లక్క వేసి, బీరువాలో పెట్టారు. సంచీలో పెట్టేముందు ఎవరూ మీట నొక్కి ఆపలేదు. ఆ రోజంతా ఆఫీసు వైపు వెళ్లినప్పుడల్లా యంత్రం కీచుమంటూనే ఉంది. మర్నాటికి బ్యాటరీ అయిపోయింది.

జెండా పండగ జరిగింది. తోరణాలు బాగా కుదిరాయి. శిక్ష తగ్గినవాళ్లు వరసగా నిలబడి పెద్దసారు చేతుల మీదుగా కాగితాలు అందుకున్నారు. ఆయన భార్య కూడా వచ్చింది, తెల్లటి పట్టు రవిక, పూల అద్దకం లుంగీతో. ఆ చిన్న పిల్ల ఏదీ, ముద్దొస్తుంది అని అడిగిందట.

పిల్లకి మూడేళ్లు నిండాక పిల్లల గృహం వ్యాను వచ్చింది. గేటు దగ్గర ప్రిహాతిన్‌ని కాసేపు బయటికి తెచ్చారు. ఆమె గెందిస్ జుట్టుని నీళ్లతో తడిపి, రెండు పిలకలు వేసింది. ఒకటి ఎత్తుగా వచ్చింది, విప్పి మళ్లీ వేసింది. మళ్లీ విప్పబోతుంటే రుమియాతి ఆమె చెయ్యి పట్టుకుంది. ఏడవకూడదని ఆ తల్లి నిశ్చయించుకున్నట్టుంది. పిల్ల మొహం తుడుస్తూ, "పెద్దవాళ్లు చెప్పినట్టు వినాలి, నాన్నా. ఎవరినీ ఎదిరించకూడదు," అంది. ఇంకేం చెప్పాలో ఆమెకీ తెలీదు. తనకి తెలిసినదంతా అదే.

"బొమ్మ?" అంది గెందిస్, రుమియాతి వైపు చూసి.

రుమియాతి మనుల్లాంగ్ ఇచ్చిన బిస్కట్ల పొట్లం ఆ చేతుల్లో పెట్టింది. పిల్ల పొట్లాన్ని చూసి, మళ్లీ ఆమెని చూసింది. సాయంత్రానికి తెస్తానన్నావుగా అని ఆ చూపు అడిగింది. నోటితో అడగలేదు. అలా అడగడం ఆ పిల్లకి ఎవరూ నేర్పలేదు.

గృహం నుంచి వచ్చినావిడ మంచి మనిషిలాగే ఉంది. వంగి, గెందిస్ కళ్లలోకి చూసి నవ్వింది.

"మాతో వచ్చేస్తావా, బంగారూ? అమ్మని వదిలేసి మా ఇంటికొచ్చేస్తావా?"

కాదను తల్లీ అని రుమియాతి మనసులో ఎంత గట్టిగా అరిచిందో ఆ దేవుడికే తెలియాలి. కాదు అని ఒక్కసారి అరిచెయ్యి, ఈ గేటు దద్దరిల్లేలా అరిచెయ్యి.

గెందిస్ ఆవిడ చెయ్యి అందుకుని నుదుటికి ఆనించుకుంది. కళ్లనిండా నీళ్లున్నాయి. తల వంచింది.

"ఇంగ్గి."

"ఎంత బుద్ధిగా పెంచావమ్మా," అంది ఆవిడ ప్రిహాతిన్‌తో, నిండు మనసుతో.

రుమియాతి వెళ్లి గేటు తాళం తీసింది.